అద్దం ఖాళీ చేసిన చోటు

పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఒకటి చేతికి దొరికితే లెన్స్ విప్పి లోపలికి చూడండి. గుండ్రటి లోహపు చట్రం వెనక, 45 డిగ్రీల వాలులో ఒక చిన్న అద్దం కనబడుతుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురు ఆ అద్దం మీద పడి పైకి తిరుగుతుంది. నెత్తిన ఉన్న పెంటాప్రిజం అనే గాజు పట్టకంలో మలుపులు తిరిగి మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం టక్కున లేస్తుంది, వెనకున్న షట్టర్ తెరుచుకుని మూసుకుంటుంది, అద్దం మళ్లీ కిందికి వాలుతుంది. 2020లో వచ్చిన కానన్ ఈఓఎస్ 1డి ఎక్స్ మార్క్ 3లో ఈ తతంగమంతా సెకనుకు 16 సార్లు జరుగుతుంది. లేచిన ప్రతిసారీ అదురు లేకుండా ఆగాలి, దిగిన ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా పాత చోటికే రావాలి. గడియారాలు చేసేవాళ్లు కూడా దణ్ణం పెట్టాల్సిన పనితనం అది.

అలాంటి అద్దాన్ని పట్టుమని పదేళ్లలో పెద్ద కంపెనీలన్నీ తీసేశాయి. ఎందుకంటే కెమెరా చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది అని చెబుతారు. అది అబద్ధం కాదు. కానీ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద రకానికి చేసిన లెన్సులు కొన్నింటిని చేత్తో పట్టుకుని చూసినవాళ్లకి ఆ మాట మీద అంత నమ్మకం కుదరదు. అద్దం బరువు సంగతి అలా ఉంచి, అది ఆక్రమించుకున్న జాగా సంగతి చూడాలి.

అద్దం పైకీ కిందికీ ఆడాలంటే దాని ముందు ఖాళీ ఉండాలి. అందుకని లెన్స్ బిగించే రింగు, అంటే మౌంట్, వెలుతురుని ఫోటోగా మార్చే సెన్సర్‌కి దూరంగా ఉండాలి. ఈ దూరాన్నే ఫ్లాంజ్ దూరం అంటారు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమెరాలో అది 46.5 మిల్లీమీటర్లు. 1987లో వచ్చిన కానన్ ఈఎఫ్ మౌంట్‌లో 44. ఒకసారి ఈ అంకె నిర్ణయమైతే ఇక మార్చడానికి వీల్లేదు. ఎందుకంటే ఆ దూరానికి సరిపడేలా తయారైన లెన్సులు జనం సంచుల్లోకి వెళ్లిపోతాయి. కెమెరా బాడీ నాలుగైదేళ్లకి పాతబడుతుంది. లెన్స్ మాత్రం ముప్పయ్యేళ్లయినా పనిచేస్తుంది. కాబట్టి కెమెరా కంపెనీల పోటీ పైకి మెగాపిక్సెళ్ల మీద కనబడుతుంది గానీ, లోపల నడిచేది ఆ రింగు మీదే.

ఇక ఫుల్ ఫ్రేమ్ అనే పేరు. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు ఉన్న సెన్సర్‌కి ఆ పేరు పెట్టారు. అందులో ఫుల్ అనడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. ఇంతకంటే పెద్ద సెన్సర్లు ఉన్నాయి, పెద్ద ఫిల్ములు అంతకుముందే ఉన్నాయి. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్ సినిమా ఫిల్మును అడ్డంగా తిప్పి, ఒక్కొక్కటి 24×18 ఉండే రెండు సినిమా ఫ్రేములను కలిపి ఒక ఫోటో చేశాడు. ఆ కొలతే 1925లో లైకా కెమెరాగా బజారుకొచ్చింది. తమాషా ఏమిటంటే ఆ లైకాలో అద్దం లేదు. అంటే ఈ కొలత పుట్టిందే అద్దం లేని కెమెరాలో. మధ్యలో అయిదారు దశాబ్దాలు అద్దం అద్దెకున్నట్టు ఉండి వెళ్లిపోయింది.

ఈ కొలత పెద్దదా చిన్నదా అన్నది పక్కనున్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లలో ఎక్కువగా కనిపించే ఏపీఎస్-సీ సెన్సర్ వైశాల్యం సుమారు 370 చదరపు మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్‌ది 864. ఒకే ఎపర్చర్ అంకె (లెన్స్ ఎంత వెలుతురుని వదులుతుందో చెప్పేది), ఒకే షట్టర్ వేగంతో ఒకే దృశ్యాన్ని తీస్తే పెద్ద సెన్సర్ మీద మొత్తం రెండింతలకు పైగా వెలుతురు పడుతుంది. వెలుతురు అనేది నీటి ధారలా కాదు, చినుకుల్లా పడుతుంది. చినుకులు తక్కువైతే ఒక గిన్నెలో నాలుగు, పక్క గిన్నెలో ఏడు పడి తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చీకటి ఫోటోల్లో కనబడే గరుకుతనం చాలావరకు అదే. వాన జోరందుకుంటే తేడా సర్దుకుంటుంది. పెద్ద సెన్సర్ మీద మోజుకి ఉన్న గట్టి కారణం ఇది. మిగిలిన కారణాల్లో ప్రచారం పాలు కూడా ఉంది.

ఇక మౌంట్ మార్చిన వాళ్లకీ, మార్చని వాళ్లకీ ఏం జరిగిందో చూద్దాం. 1987లో కానన్ తన పాత ఎఫ్‌డీ మౌంట్‌ని వదిలేసింది. ఎఫ్‌డీ లెన్సులు కొన్నవాళ్లు మండిపడ్డారు. కానీ కొత్త మౌంట్ లోపలి వెడల్పు 54 మిల్లీమీటర్లు, వెడల్పున్న కొద్దీ పెద్ద గాజులు పెట్టడం సులువు. ఫోకస్ మోటారు ప్రతి లెన్స్‌లోనే ఉంటుంది, కెమెరాకీ లెన్స్‌కీ మధ్య మాటలన్నీ కరెంటు తీగల మీదే. నికాన్ మాత్రం 1959 నాటి మౌంట్‌నే పట్టుకుంది. పాత లెన్సున్న వాడిని వదలకూడదన్నది ఆ కంపెనీ పట్టుదల. మెచ్చుకోదగ్గదే, కానీ ఆ రింగు లోపలి వెడల్పు 44 మిల్లీమీటర్లే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంటుంది మౌంట్ వ్యవహారం. మారిస్తే ఉన్నవాళ్లు తిడతారు, మార్చకపోతే రాబోయేవాళ్లు వేరే కంపెనీకి పోతారు.

ఈ బెడద లేనివాడు ఒకడు కావాలి. వాడే సోనీ. 2006లో కోనికా మినోల్టా కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంటే దాని ఎస్‌ఎల్‌ఆర్ సరంజామా సోనీ చేతికొచ్చింది. కొన్నేళ్లు సోనీ కూడా అద్దాల కెమెరాలే చేసింది. కానన్, నికాన్‌ల ముందు పెద్దగా నిలబడలేదు. పోయేదేం లేనివాడికి తెగింపు ఎక్కువ. 2008లో పానాసోనిక్ జీ1తో చిన్న సెన్సర్ల మిర్రర్‌లెస్ మొదలైంది. 2010లో సోనీ 18 మిల్లీమీటర్ల దూరంతో ఈ-మౌంట్ తెచ్చింది. 2013లో అదే రింగు వెనక ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పెట్టి ఆల్ఫా 7, ఆల్ఫా 7ఆర్ విడుదల చేసింది.

మొదటి ఆల్ఫా 7 గొప్ప కెమెరా అని నేను అనను. ఫోకస్ నెమ్మది, బ్యాటరీ పూట గడిస్తే గొప్ప, చెప్పుకోదగ్గ లెన్సులు చాలా తక్కువ. దాన్ని నిలబెట్టింది ఒక తీసివేత లెక్క. కానన్ లెన్స్‌కి 44 మిల్లీమీటర్లు కావాలి, సోనీ రింగు 18 దగ్గర ఉంది. మధ్యలో 26 మిల్లీమీటర్ల గొట్టం పెడితే కానన్ లెన్స్ సోనీ కెమెరా మీద కూర్చుంటుంది. నికాన్ లెన్స్ అయినా, మూలనపడ్డ ఏ పాత లెన్స్ అయినా అంతే, గొట్టం పొడవు మారుతుంది. ఎదుటివాడి లెన్సులు ఉన్నవాడే సోనీకి మొదటి కస్టమర్. తిరగేసి చేద్దామంటే కుదరదు. అద్దం ఉన్న కెమెరాలో ఆ ఖాళీ ముందే నిండిపోయింది. పైగా 2011లోనే సోనీ తన మౌంట్ వివరాలను ఇతర లెన్స్ తయారీదారులకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది.

మరి పెద్దన్నలిద్దరూ ఏం చేస్తున్నారు? నికాన్ 2011లో నికాన్ 1 అని, కానన్ 2012లో ఈఓఎస్ ఎం అని చిన్న సెన్సర్లతో మిర్రర్‌లెస్‌లు తెచ్చాయి. తమ ఎస్‌ఎల్‌ఆర్‌లకు ఎక్కడ పోటీ అవుతాయోనన్నట్టు భయం భయంగా చేసిన కెమెరాలవి. రెండూ మధ్యలోనే ఆగిపోయాయి.

జాగా గురించి ఇంత చెప్పినా, ఫోటోగ్రాఫర్ల మనసు మార్చింది మాత్రం ఫోకస్. ఎస్‌ఎల్‌ఆర్‌లో పెద్ద అద్దం నడిమి భాగం కాస్త వెలుతురుని లోపలికి వదులుతుంది. దాని వెనక ఇంకో చిట్టి అద్దం ఆ వెలుతురుని కిందికి, ఫోకస్ కొలిచే పరికరం మీదికి పంపుతుంది. అంటే కెమెరా ఫోకస్ కొలిచేది ఒకచోట, ఫోటో పడేది ఇంకోచోట. రెండు దూరాలూ అచ్చంగా ఒకటైతేనే లెక్క సరిపోతుంది. అప్పట్లో నా దగ్గరున్న కెమెరాతో ఒక పసిపాప ఫోటోలు తీస్తే, కళ్లమీద గురిపెట్టినవన్నీ చెవుల మీద పదునుగా వచ్చాయి. చెవి మీది నూగు లెక్కపెట్టొచ్చు, కళ్లు మాత్రం మసక. తప్పు నా చేతిదే అనుకుని నెలరోజులు టెన్షన్ పడ్డాను. చివరికి ఒక అట్టపెట్టె పక్కన స్కేలును ఏటవాలుగా ఆనించి, పెట్టె అంచు మీద గురిపెట్టి ఫోటో తీసి చూస్తే స్కేలు మీద పదునైన గీత 8 మిల్లీమీటర్లు వెనకుంది. ఇలాంటి తేడాను సర్దడానికి మెనూలో ఒక అంకె ఉంటుంది. లెన్స్ లెన్స్‌కీ వేరే అంకె.

మిర్రర్‌లెస్‌లో ఈ గొడవే లేదు. ఫోటో పడే సెన్సరే ఫోకస్ కూడా కొలుస్తుంది. కానన్ 2013లో 70డి అనే కెమెరాలో వాడిన పద్ధతి చూడండి. ప్రతి పిక్సెల్‌ని నిలువునా రెండుగా చీల్చారు. ఎడమ సగం లెన్స్‌లో ఒక పక్క నుంచి వచ్చే వెలుతురుని, కుడి సగం రెండో పక్క నుంచి వచ్చేదాన్ని చూస్తుంది. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి అతికితే ఫోకస్ కుదిరినట్టు. అతకకపోతే ఎటువైపు, ఎంత జరపాలో ఆ రెండు బొమ్మల మధ్య తేడాయే చెబుతుంది. విచిత్రం ఏమిటంటే ఇది వచ్చింది అద్దమున్న కెమెరాలో. అద్దం లేపి, వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడే అది పనిచేసేది. అద్దాన్ని పంపించేయడానికి కావలసిన పనిముట్టు ఆ ఇంట్లోనే తయారైంది.

సెన్సర్ ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది కాబట్టి ముఖం ఎక్కడ, అందులో కన్ను ఎక్కడ అని కూడా వెతకగలదు. ఆ తర్వాతి ఆటంకం వేగం. మామూలు సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా చదవదు, పైవరస నుంచి కిందివరస దాకా ఒక్కొక్కటే చదువుతుంది. ఈలోపు తిరిగే ఫ్యాన్ రెక్క కొంత కదిలిపోయి ఫోటోలో అరటాకులా వంగిపోతుంది. 2017లో వచ్చిన సోనీ ఆల్ఫా 9లో సెన్సర్ వెనకే మెమరీని పొరగా అతికించారు. వరసలను చకచకా చదివి అక్కడ పడేస్తుంది. దాంతో సెకనుకు 20 ఫోటోలు తీస్తూ, ఆ మధ్యలోనే సెకనుకు 60 సార్లు ఫోకస్ లెక్క చూసుకోగలిగింది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఒక్క క్షణం కూడా నల్లబడదు. అద్దం ఉంటే ఇది ఎప్పటికీ కుదరదు, ఎందుకంటే అద్దం లేచిన క్షణం కంటికి చీకటే. 2021లో నికాన్ జెడ్ 9 షట్టర్ తెరనే తీసేసింది. 2023లో ప్రకటించిన సోనీ ఆల్ఫా 9-3 పిక్సెళ్లన్నింటినీ ఒకే క్షణంలో పట్టుకుంటుంది. ఫ్యాన్ రెక్క ఇక వంగదు.

2018 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒక్కసారిగా గేట్లు ఎత్తేశారు. ముందు నికాన్ జెడ్, కొద్దిరోజులకే కానన్ ఈఓఎస్ ఆర్, ఆ నెలాఖరుకి పానాసోనిక్, సిగ్మా, లైకా కలిసి ఎల్-మౌంట్ కూటమి. అరవయ్యేళ్లు ఇరుకు రింగుతో కాపురం చేసిన నికాన్ ఈసారి 16 మిల్లీమీటర్ల దూరం, 55 వెడల్పు పెట్టింది. వీళ్లందరిలో వెడల్పు దానిదే. పాత ఉక్రోషం తీర్చుకున్నట్టు 2019లో ఎఫ్ 0.95 ఎపర్చర్‌తో (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ) 58 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న ఒక లెన్స్ కూడా చేసింది. కానన్ 54 వెడల్పును అలాగే ఉంచి దూరాన్ని 20కి తెచ్చింది. 46 మిల్లీమీటర్ల సోనీ రింగు ఇరుకైపోయిందని అందరూ దెప్పడం మొదలుపెట్టారు. 2021లో సోనీ ఎఫ్ 1.2 లెన్స్ చేసి చూపించాక ఆ మాటలు కొంత తగ్గాయి.

రింగు దగ్గరికి రావడం వల్ల ఎక్కువ లాభం విశాలమైన దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్సులకు. 24 మిల్లీమీటర్ల లెన్స్ మామూలుగా అయితే సెన్సర్‌కి దాదాపు అంత దూరంలోనే ఉండాలి. మధ్యలో అద్దం ఉంటే అంత దగ్గరికి రాలేదు. అందుకని ముందు పెద్ద బోర్లించిన గాజులు పెట్టి వెలుతురుని చుట్టుతిప్పి పంపేవారు. ఇప్పుడు వెనక గాజును లోపలికంటా తేవచ్చు. మరీ దగ్గరికి తెస్తే మూలల్లో వెలుతురు ఏటవాలుగా పడి సెన్సర్ ఇబ్బంది పడుతుంది కాబట్టి పాత ఉపాయం పూర్తిగా పోలేదు.

ఈ హడావిడంతా కుంచించుకుపోతున్న బజారులో జరిగింది. జపాన్ తయారీదారుల సంఘం సీపా లెక్కల్లో 2010లో పన్నెండు కోట్ల పైచిలుకు డిజిటల్ కెమెరాలు బయటికెళ్తే, 2023లో ఎనభై లక్షలు కూడా వెళ్లలేదు. ఫోన్లు మిగతావన్నీ మింగేశాయి. ఫోన్‌లో పట్టనిది పెద్ద సెన్సర్, పెద్ద లెన్స్. అందుకే అందరూ ఫుల్ ఫ్రేమ్ గట్టుకి చేరారు. 2020లో మిర్రర్‌లెస్‌లు ఎస్‌ఎల్‌ఆర్‌లను దాటేశాయి. రింగుకు తలుపులు వేసుకునే తగాదా కూడా ముదిరింది. కానన్ తన ఆర్ఎఫ్ మౌంట్‌ని చాలాకాలం బిగపట్టి, 2024లో గానీ సిగ్మా, టామ్రాన్‌లకు అనుమతివ్వలేదు. అదీ చిన్న సెన్సర్ల లెన్సులకే మొదలైంది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. నికాన్‌లోనే చూసుకుంటే అద్దమున్న డి850 సీపా లెక్కన ఒక్క చార్జింగ్‌కి 1,840 ఫోటోలు తీస్తుంది, అద్దం లేని జెడ్ 7 కేవలం 330. మనం ఊరికే చూస్తున్నంతసేపూ సెన్సర్, తెర రెండూ కరెంటు తాగుతుంటాయి మరి. లెన్స్ విప్పితే సెన్సర్ ఆరుబయట పడుకున్నట్టు ఉంటుంది. అద్దం ఉన్నప్పుడు దుమ్ముకి అదే తలుపు.

పాత లెన్సులను కొత్త బాడీకి తగిలించడానికి నికాన్ ఒక గొట్టం ఇస్తుంది, ఎఫ్‌టీజెడ్ అని. 46.5లోంచి 16 తీసేస్తే 30.5, సరిగ్గా అంతే దాని పొడవు. కంటికి ఆనించి చూస్తే ఇటునుంచి అటు గోడ కనబడుతుంది. లోపల గాజు ముక్క కూడా లేదు, అంచున విద్యుత్ కాంటాక్టులు, మధ్యలో గాలి. కొత్త కెమెరా బాడీలోంచి తీసేసిన అద్దం గది అది. కావలసినవాళ్లు వేరుగా కొనుక్కుని ముందు తగిలించుకుంటారు.