పడుచు వయసులో గర్భసంచి క్యాన్సర్: వెనకున్న కథ

గర్భసంచి లోపొరకు వచ్చే క్యాన్సర్ ముట్లుడిగాక వచ్చే జబ్బని అందరూ అనుకుంటారు. ఎక్కువమందికి అప్పుడే వస్తుంది, నిజమే. నలభై లోపు కూడా ఎందుకొస్తుందో వైద్యులకు ఎప్పుడో అర్థమైంది.

1935లో షికాగో డాక్టర్లు స్టైన్, లెవెంథాల్ ఏడుగురు ఆడవాళ్ల గురించి రాశారు. నెలసరి సరిగా రాదు, అండాశయాల్లో నీటిబుడగలు. ఇవాళ ఇంటింటా వింటున్న పీసీఓడీ అదే. 1949లో హెరాల్డ్ స్పీర్ట్ చిన్న వయసులో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లను పరిశీలిస్తే కొందరికి అలాంటి అండాశయాలే ఉన్నాయి. అండం విడుదలైతేనే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తగినంత తయారవుతుంది. అది లేకపోతే లోపొర ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్‌తో మందమవుతూనే ఉంటుంది, అదే కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఒళ్లు పెరిగితే కొవ్వులోనూ ఈస్ట్రోజెన్ తయారవుతుంది, ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఇంత తెలిసీ 1960ల్లో అమెరికాలో ‘సీక్వెన్షియల్’ గర్భనిరోధక మాత్రలు అమ్మారు. వాటిలో ఒకటైన ఒరాకాన్ సంగతే చూడండి. 16 రోజులు ఉత్త ఈస్ట్రోజెన్, అదీ రోజుకు 100 మైక్రోగ్రాములు. చివరి 5 రోజులే దానికి తోడు డైమెథిస్టెరాన్ అనే బలహీనమైన ప్రొజెస్టిన్, అంటే ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మందు. 1975లో సిల్వర్‌బర్గ్, మకౌస్కీ మాత్రలు వాడిన యువతుల్లో 21 క్యాన్సర్ కేసులు బయటపెట్టారు. అనుమానం ఒరాకాన్ మీదికే పోయింది. 1976లో ఆ రకం మాత్రలు మార్కెట్లోంచి పోయాయి.

పిల్స్ వేసుకుంటే క్యాన్సర్ వస్తుందన్న టెన్షన్ మాత్రం జనంలో ఉండిపోయింది. గర్భసంచి విషయంలో అది తలకిందుల భయం. రెండు హార్మోన్లూ కలిసిన మాత్రలు ఐదేళ్లు వాడితే ఈ క్యాన్సర్ ముప్పు దాదాపు పావు వంతు తగ్గుతుందని 2015లో ‘లాన్సెట్ ఆంకాలజీ’ ప్రచురించిన విశ్లేషణ తేల్చింది.

ఇంకో దారి వంశంలోంచి. 1895లో మిషిగన్‌లో బట్టలు కుట్టే ఒకావిడ, మా ఇంట్లోవాళ్లలాగే నేనూ క్యాన్సర్‌తోనే పోతానని డాక్టర్ వార్తిన్‌తో అంది. అన్నట్టే గర్భసంచి క్యాన్సర్‌తో చిన్న వయసులోనే పోయింది. ఆ కుటుంబంలో ఉన్న, క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య జన్యులోపాన్నే ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నారు.

ముదిరిన ఈ క్యాన్సర్ కొందరిలో ప్రొజెస్టిన్‌కు లొంగుతోందని 1961లో కెల్లీ, బేకర్ చూపించారు. పిల్లలు కావాలనుకునే యువతులకు, జబ్బు లోపొర దాటకుండా తొలిదశలో ఉంటే, ఇప్పుడు ప్రొజెస్టిన్ మాత్రలు గానీ, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ గానీ ఇచ్చి మూడు నుంచి ఆరు నెలలకోసారి బయాప్సీ చేస్తున్నారు. కాన్పులయ్యాక గర్భసంచి తీయించుకోమనే చెబుతారు.