బురదలో లోహం: దేనితో పోల్చి చూస్తున్నాం?

చెరువు అడుగు బురదలో కాడ్మియం కిలోకు 1.2 మిల్లీగ్రాములు తేలిందనుకుందాం. ప్రమాదమా, కాదా? స్వీడన్‌కు చెందిన లార్స్ హాకన్సన్ 1980లో ఇచ్చిన లెక్కనే నేటికీ చాలామంది వాడుతున్నారు. తేలిన మోతాదును ఆ లోహపు సహజ మోతాదుతో భాగించి, విషగుణకంతో హెచ్చించాలి. పాదరసానికి గుణకం 40, కాడ్మియానికి 30, ఆర్సెనిక్‌కు 10, సీసానికీ రాగికీ 5, క్రోమియానికి 2, జింకుకు 1. ఫలితం 40 లోపైతే ముప్పు తక్కువ, 320 దాటితే అతి తీవ్రం.

సహజ మోతాదుగా షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) ప్రపంచ సగటు 0.3 వేసుకుంటే మన కాడ్మియానికి 120 వస్తుంది. భూమి పైపొర సగటు, దాదాపు 0.1, వేసుకుంటే 360. బురద అదే, ముప్పు మాత్రం రెండు మెట్లెక్కింది.

గోదావరి ఒండ్రుది ఇంకో పేచీ. నది ఎగువన దక్కను బసాల్టు, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి మీదుగా పారుతుంది. షేల్‌లో రాగి కిలోకు 45 మిల్లీగ్రాములైతే బసాల్టులో దాదాపు అంతకు రెట్టింపు. కాబట్టి రాజమహేంద్రవరం దగ్గరి ఒండ్రును షేల్‌తో పోలిస్తే, ఏ ఫ్యాక్టరీ ప్రమేయం లేకుండానే రాగి ఎక్కువగా కనిపించవచ్చు. అల్యూమినియంతో నిష్పత్తి కట్టడం రేణువుల సైజు తేడాను సర్దుతుంది గానీ రాతి తేడాను సర్దదు. అదే నదిలో గొట్టం దింపి, పరిశ్రమలు రాకముందు పేరుకున్న లోతు పొరను కొలవడమే మేలు.

అన్ని లోహాల ఫలితాలనూ కూడితే 150 లోపు 'తక్కువ ముప్పు' అంటారు. అసలు తిరకాసు ఇక్కడే. ఆ గీత ఎనిమిది కాలుష్యకాలకు గీసింది. వాటిలో పాదరసం, కాడ్మియంతో పాటు పీసీబీలనే క్లోరిన్ రసాయనాలూ ఉన్నాయి, గుణకాల మొత్తం 133. ఖర్చు తగ్గుతుందని రాగి, సీసం, క్రోమియం, జింకు మాత్రమే కొలిస్తే మొత్తం 13. నాలుగూ సహజానికి 11 రెట్లున్నా కూడిక 143. రిపోర్టులో 'తక్కువ ముప్పు' అనే పడుతుంది!

ల్యాబ్‌లోనూ జారుడు మెట్లున్నాయి. మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆక్వా రీజియా రాతిలోని సిలికేట్ ఖనిజాలను పూర్తిగా కరిగించదు, క్రోమియం తక్కువ తేలుతుంది. దాన్ని షేల్ పూర్తి మోతాదుతో భాగిస్తే ముప్పు ఇంకా చిన్నదైపోతుంది.

మొత్తం లోహం ఎంతున్నా, జీవులకు అందేది అందులో కొంతే. అది తెలియాలంటే గ్రాము బురదను 0.11 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 40 మిల్లీలీటర్లలో 16 గంటలు కుదపాలి. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే నల్ల బురదైతే ముందుగా ఆరబెట్టకూడదు. లోహాన్ని పట్టి ఉంచిన సల్ఫైడు గాలి తగిలితే విడిపోతుంది, కాడ్మియం సులభంగా కరిగే రూపంలోకి మారుతుంది. పూడిక తీసి గట్టు మీద పోసినా ఇదే జరుగుతుంది. అందుకే పూడికతీతకు ముందు తడి నమూనాకూ, ఆరిన నమూనాకూ విడివిడిగా ఈ పరీక్ష చేయించాలి.