కుంచం మూతి వెడల్పు

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ధాన్యాన్ని ఇప్పుడు కాటా మీద కిలోల్లో తూస్తున్నా, బదులు గింజల గురించీ కోత కూలి గురించీ మాట్లాడుకునేటప్పుడు పెద్దవాళ్ల నోట కుంచం, అడ్డ అనే పాత కొలపాత్రల మాటలే వస్తాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఈ లెక్క అంతటా తెలిసినదే అయినా కుంచం పరిమాణం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారేది.

అంతకన్నా పెద్ద చిక్కు కొలిచే తీరులో ఉంది. అంచుకు సమంగా కర్రతో గీసి కొలిస్తే పాత్ర లోపల పట్టినంతే లెక్క. గింజ జారిపడేదాకా కుప్పగా పోసి కొలిస్తే మాత్రం మూతి వెడల్పు కూడా కొలతలో భాగమవుతుంది. మూతి వ్యాసం పదో వంతు పెరిగితే పైన నిలిచే కుప్ప దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అందువల్ల లోపల ఒకే పరిమాణం పట్టే రెండు కుంచాల్లో మూతి వెడల్పైన దానితో శిస్తు గింజలు తీసుకుని, ఇరుకైన దానితో కూలి కొలిస్తే, ఒకటి అనడానికి బదులు లాభం అనే అలవాటు ప్రకారం ‘లాభం, రెండు, మూడు’ అంటూ లెక్క తప్పకుండా కొలిచినా కూలివాడు నష్టపోతాడు.

ఇత్తడి కొలపాత్ర చేసే కంచరి పనితనాన్ని ఈ దృష్టితోనే చూడాలి. చెంబు నడుము కాస్త ఉబ్బితే అది అందం. కుంచం గోడ ఉబ్బితే అది తప్పు. అంచు ఎగుడుదిగుడుగా ఉంటే గీసే కర్ర కింద గింజ మిగిలిపోతుంది, అడుగు సొట్టపడితే కొలత తగ్గుతుంది.

1956లో వచ్చిన తూనికలు కొలతల చట్టం ప్రకారం 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలులోకి రాగా, వీశె, మణుగులతో పాటు కుంచం కూడా క్రమంగా వ్యాపారంలో చెల్లకుండా పోయింది. లైసెన్సు లేకుండా కొలపాత్ర తయారు చేయకూడదన్న నియమం 2011 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. ప్రభుత్వ ముద్ర ఉన్న కొలత కూలివాడికి రక్షణ కనుక ఆ మార్పు అవసరమైనదే. అయితే సరైన కొలతకు పాత్రను మలిచే నేర్పుకు, దానితో బతికే చేతులకు అందులో చోటు చూపకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి నేడు భౌగోళిక గుర్తింపు ఉంది. పూలకుండీలు, దీపపు కుందులు, అలంకరణ పాత్రలు అక్కడి నుంచి దూర ప్రాంతాలకు వెళ్తున్నాయి. ఇత్తడి దుకాణాల్లో కుంచం ఇంకా దొరుకుతుంది. కొన్నవాళ్లు దానిని బియ్యంతో నింపి దేవుడి గదిలో పెడతారు.