ఆర్టోస్: గోలీ సోడా నుంచి 40 శాతం పన్ను దాకా

2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జీఎస్టీ కొత్త రేట్లతో లీటరు మంచినీళ్ల సీసా మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. తీపి కలిపి గ్యాస్ ఎక్కించిన పానీయం మీద మాత్రం 40 శాతం భారం తగ్గలేదు. అంతకుముందు 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కట్టేవారు. ఇప్పుడు ఆ రెంటినీ కలిపి ఒకే అంకె చేశారు, అంతే. ప్రపంచమంతా అమ్ముకునే కంపెనీకీ, రెండు మూడు జిల్లాల్లో అమ్ముకునే కంపెనీకీ ఇదే లెక్క. ఇందులో న్యాయం ఎంత అన్నది తేల్చుకోవాలంటే గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో పుట్టిన శీతల పానీయం ఆర్టోస్ చరిత్రలోకి ఒకసారి వెళ్లాలి.

1919లో అద్దూరి రామచంద్రరాజు, జగన్నాథరాజు సోదరులు అక్కడ సోడా తయారీ మొదలుపెట్టారు. ఆర్టోస్ తయారుచేసే ఇప్పటి ఏ.ఆర్. రాజు డ్రింక్స్‌కు మూలం అదే. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడప్పుడే ముగిసింది. ఊళ్లలో కరెంటు లేదు, ఫ్రిజ్ అన్న మాటే తెలియదు. అలాంటి రోజుల్లో ఒక చిన్న పట్టణంలో సోడా మిషన్ పెట్టి, సీసాలు తెప్పించుకుని, వాటిని నింపి ఊరూరా పంపడం సాహసమే.

అప్పటి సీసా పనితీరు చూస్తే ఆ పని ఎంత ఓపికతో కూడుకున్నదో తెలుస్తుంది. గోలీ సీసాకు ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందాడు. మూతి లోపల ఒక రబ్బరు వలయం, మెడలో ఒక గాజు గోలీ ఉంటాయి. సీసాను తలకిందులుగా పట్టి గ్యాస్‌తో నింపితే గోలీ మూతి వైపు జారుతుంది. లోపలి ఒత్తిడి దాన్ని రబ్బరుకు అదిమిపెట్టి బిరడాలా బిగిస్తుంది. తాగేటప్పుడు గోలీని వేలితోనో చెక్క ముక్కతోనో లోపలికి నొక్కాలి. అది మెడలోని నొక్కుల దగ్గర ఆగితేనే సోడా ధారగా వస్తుంది. రబ్బరు అరిగితే గ్యాస్ పోతుంది. గాజులో సన్నని చీలిక ఉంటే సీసా పేలుతుంది. తిరిగొచ్చిన ప్రతి సీసాను కడిగి, వెలుగుకు ఎత్తి చూసి, మళ్లీ నింపాలి. మిషన్ ఒక్కసారి కొంటే సరిపోతుంది గానీ, ఈ చూపు మాత్రం రోజూ ఉండాలి. సోడా కంపెనీ మంచిదా కాదా అన్నది ఇక్కడే తేలేది.

ఈ వ్యాపారం డెల్టాలో నిలబడటానికి కారణాలున్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరి పండింది, కొబ్బరి పెరిగింది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పెళ్లిళ్లు, తీర్థాలు, సంతలు ఎక్కువ. మాఘమాసంలో అంతర్వేది తీర్థం, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం జరుగుతాయి. వేల మంది ఒకచోట చేరే ఈ రోజులే సోడా, కలరు అమ్మేవాళ్లకు అసలు బేరం. పైగా తీర ప్రాంతపు ఉక్కపోత ఏడాదిలో ఎక్కువ కాలం ఉండేదే.

అయితే రవాణా అంత సులువుగా లేదు. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం రామచంద్రపురం మీదుగానే వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఆ పట్టాలు పీకి తీసుకెళ్లారు. మళ్లీ రైలు తిరిగింది 2004లో. అరవై ఏళ్లకు పైగా రామచంద్రపురం సరుకుకు కాలువ గట్లే దారి. ఇదంతా తట్టుకుని నిలిచిన కంపెనీ 1955లో తన పానీయానికి ఆర్టోస్ అని పేరు పెట్టుకుంది. అక్కడి నుంచి అది సోడా తయారీదారు స్థాయి దాటి, జనం పేరు పెట్టి అడిగే సరుకు అయింది.

గాజు సీసాల కాలంలో స్థానిక కంపెనీకి ఒక సహజమైన రక్షణ ఉండేది. ఖాళీ సీసా తిరిగి రావాలి. వచ్చే దూరం పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది, పగిలేవీ పెరుగుతాయి. అందుకే ఎవరి సీసాలు వాళ్ల చుట్టుపక్కలే తిరిగేవి. 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లాక పార్లే వారి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ దేశమంతా పరుచుకున్నాయి. అప్పటికీ చిన్న కంపెనీలకు చోటు మిగిలింది. 1990లో పెప్సీ వచ్చింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి పార్లే పానీయాలనే కొనేసింది. ఒక ప్రాంతీయ కంపెనీకి అప్పుడు రెండు దారులు: పెద్దవాళ్ల సరుకు నింపిపెట్టే బాట్లర్‌గా మారడం, లేదా సొంత పేరుతో పోరాడటం. మొదటి దారి తప్పేమీ కాదు. ఇదే డెల్టాలో చెల్లూరు చక్కెర కర్మాగారం యాజమాన్యమైన సర్వారాయ షుగర్స్ వేమగిరిలో కోకాకోలా పానీయాలు నింపుతూ పెద్ద సంస్థగా ఎదిగింది. ఆర్టోస్ రెండో దారిలో నిలిచింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా గౌరవించదగ్గ విషయం అదే.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 2003 ప్రాంతంలో పెద్ద కంపెనీలు 200 మిల్లీలీటర్ల సీసాను 5 రూపాయలకే అమ్మాయి. ధర తక్కువ అన్న స్థానికుల బలం దాంతో పోయింది. ప్లాస్టిక్ సీసా వాడకమూ పెరిగింది. ఖాళీ తిరిగి రానక్కర్లేదు కాబట్టి ఎక్కడో నింపిన పానీయం అమలాపురం కిళ్లీకొట్టుకు కూడా సునాయాసంగా చేరింది. దూరం ఇచ్చిన రక్షణ ఆ రోజుతో చెల్లిపోయింది.

మిగతా ప్రాంతాలవాళ్లు దీన్ని ఎలా ఎదుర్కొన్నారో చూడాలి. తమిళనాట 1916లో మొదలైన కాళీమార్క్ వారి బొవొంటో పానీయానికి 2017లో అనుకోని ఊతం దొరికింది. జల్లికట్టు ఉద్యమం వేడిలో అక్కడి వర్తక సంఘాలు కోక్, పెప్సీ అమ్మబోమని పిలుపునిచ్చాయి. సూరత్‌లో 1923 నాటి సోసియో సంస్థలో రిలయన్స్ 2023లో సగం వాటా తీసుకుంది. అదే ఏడాది రిలయన్స్ పాత కాంపా కోలాను మళ్లీ తెచ్చింది, అదీ ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే, 200 మిల్లీలీటర్లు 10 రూపాయలకు. అంటే కొత్త ధరల యుద్ధానికి మన ఊళ్లే తొలి రంగం అయ్యాయి. మన దగ్గర వర్తక సంఘాల నుంచి అలాంటి పిలుపు రాలేదు. ఆర్టోస్‌ను నిలబెట్టింది అలవాటుగా అడిగి తాగే మనుషులే.

ఇక నీళ్ల సంగతి. సోడా కంపెనీకి నీళ్ల వ్యాపారం దూరపుది కాదు. శుద్ధి చేసే యంత్రాలు, నింపే వరుస, దుకాణాలకు వెళ్లే వాహనాలు అన్నీ ముందే ఉంటాయి. కానీ గోదావరి పాయల మధ్య నీళ్లు కొనుక్కునే పరిస్థితి రావడం మనసును కలచివేసే విషయం. ఒకప్పుడు కాలువ నీళ్లు మంచినీళ్ల చెరువుకు చేరేవి. వరద రోజుల్లో నీళ్లు బురదగా వస్తే చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవారు. మట్టి అడుక్కు దిగాక పైనీళ్లు వంచుకుని తాగేవారు. ఇప్పుడు సమస్య మట్టి కాదు. పురుగుమందులు, చేపలు, రొయ్యల చెరువుల నుంచి వదిలే నీరు, పట్టణాల మురుగు చిల్లగింజకు లొంగేవి కావు. తీరానికి దగ్గరయ్యే కొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తే చెరువు అడుగంటుతుంది. 2014 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వమే ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరుతో 2 రూపాయలకు 20 లీటర్లు ఇస్తామని బయల్దేరిందంటే, కుళాయి నీటి మీద నమ్మకం ఎక్కడికి జారిందో ఊహించుకోవచ్చు.

2003లో ఢిల్లీలోని సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) సంస్థ ముందు సీసా నీళ్లలో, తర్వాత పేరున్న శీతల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలు పట్టుకుంది. నీళ్ల సీసాలకు ఐఎస్ఐ ముద్ర 2001 నుంచే తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ నిబంధన తొలగించారు. ఆ వెంటనే సీసా నీళ్లను అధిక ముప్పు ఉన్న ఆహార పదార్థాల జాబితాలో చేర్చి, ఏటా తనిఖీ, బయటి సంస్థలతో ఆడిట్ ఉండాలన్నారు. తనిఖీ ఉండాల్సిందే, నీళ్ల విషయంలో రాజీ కుదరదు.

పన్ను సంగతి వేరు. తీపి, రుచి కలపని మామూలు సోడా ఇప్పుడు 5 శాతంలో ఉంది. అదే సోడాలో చక్కెర పాకం కలిపితే 40 శాతం. ఆరోగ్యం కోసమే అయితే పన్ను చక్కెర మోతాదును బట్టి ఉండాలి గానీ ఇలా గంపగుత్తగా కాదు. కోటిన్నర లోపు టర్నోవరు ఉన్న తయారీదారులకు 1 శాతం పన్నుతో సరిపెట్టే కాంపొజిషన్ పథకం ఉంది. 2019 అక్టోబరు 1 నుంచి గ్యాస్ పానీయాలవాళ్లను దాని నుంచి తప్పించారు. ఆర్టోస్ స్థాయికి ఎదగాలనుకునే చిన్న సోడా తయారీదారుకు మొదటి మెట్టు దగ్గరే తలుపు మూసేశారన్నమాట. జీఎస్టీ మండలి ఓట్ల విలువలో మూడింట రెండు వంతులు రాష్ట్రాలవే. ఆ సమావేశంలో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రికీ కుర్చీ ఉంది. చిన్న పానీయ తయారీదారులను కాంపొజిషన్ పథకంలోకి తిరిగి తీసుకోవాలని, ఆపై స్థాయి ప్రాంతీయ కంపెనీలకు టర్నోవరును బట్టి వేరే రేటు పెట్టాలని అక్కడ అడగాల్సింది ఆయనే.