పెద్దమ్మ చెయ్యి

అక్క తొలి కాన్పుకి కనిగిరి వచ్చింది. నొప్పులు మొదలవగానే ఆస్పత్రిలో తనను లోపలికి తీసుకెళ్లి తలుపేశారు. పెద్దమ్మ రాత్రంతా వరండాలో బల్ల మీదే కూర్చుంది. నలుగురు పిల్లల్ని కన్న మనిషి. లోపల్నుంచి అక్క అరుపు వినపడినప్పుడల్లా లేచి నిలబడేది. "ఒక్కసారి నడుం నిమరనిస్తే చాలు కదమ్మా" అంది నాతో.

పెద్దమ్మ చేస్తానన్న ఆ పని చేసే మనిషికి డౌలా అని పేరుంది. గ్రీకు మాట, సేవకురాలని అర్థం. డౌలా పరీక్షలు చేయదు, మందులివ్వదు, బిడ్డను పట్టదు. నడుం నిమురుతుంది, గుక్కెడు నీళ్లు తాగిస్తుంది, కాన్పయ్యేదాకా పక్కనుంచి కదలదు.

మిడ్‌వైఫ్‌ది వైద్యం. గర్భసంచి ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తుంది. మామూలు కాన్పు తనే చేస్తుంది. మాయ మొత్తం పడిందా, రక్తం ఎక్కువ పోతోందా అని కనిపెట్టి, తేడా వస్తే డాక్టర్ని పిలుస్తుంది. మన దేశంలో 2018 మార్గదర్శకాల ప్రకారం నర్సింగ్ చదివినవాళ్లకు దీనికోసం 18 నెలల శిక్షణ ఇస్తారు.

వెనకటి మంత్రసాని ఈ రెండు పనులూ ఒక్కతే చేసేది. అయితే రక్తం ఆగకపోతే ఆమె చేతిలో మందు లేదు. అందుకే కాన్పులు ఆస్పత్రికి మారడం మంచిదే అంటాను. పక్కన కూర్చునే మనిషిని బయటే ఆపేయడమే నాకు బాధ.

నొప్పులను నడిపించేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. భయం, టెన్షన్ పెరిగితే అడ్రినలిన్ పెరిగి, నొప్పులు మందగించవచ్చు. గ్వాటెమాలాలో ఒక అధ్యయనం చేసి 1980లో ప్రచురించారు. ఒంటరిగా ఉన్న తల్లులకు ఆస్పత్రిలో చేరాక కాన్పుకి సగటున 19 గంటలు పైనే పట్టింది. తోడున్నవాళ్లకు 9 గంటల్లోపే అయింది. ఆ తోడు కూడా వాళ్లకు ముక్కూమొహం తెలియని ఆడమనిషే! అది చిన్న అధ్యయనం, అంత తేడా అన్నిచోట్లా రాలేదు. కానీ 2017లో 15 వేలమందికి పైగా తల్లుల వివరాలు కలిపి చూసినప్పుడు కూడా, తోడున్నవాళ్లలో సిజేరియన్లు తక్కువగానే కనిపించాయి.

ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వొచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. అక్క రెండో కాన్పుకి ఎనిమిదో నెలలోనే అడిగిపెట్టుకున్నాం. ఆ రోజు పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికెళ్లింది.