నీళ్లా, థిన్నరా? పెయింట్ బ్రష్‌లపై అపోహలు – వాస్తవాలు

బ్రష్ కొనేముందు పెయింట్ డబ్బా మీద ఒక్క సంగతి చూడండి: పల్చన చేయడానికి నీళ్లు కలపమన్నారా, థిన్నరా? ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

అపోహ: ఖరీదైన బ్రష్ ఏ పెయింటుకైనా పనికొస్తుంది.

వాస్తవం: పంది వెంట్రుకల బ్రష్ థిన్నర్ కలిపే ఆయిల్ ఎనామిల్‌కీ, వార్నిష్‌కీ చక్కగా నప్పుతుంది. అదే బ్రష్‌ని నీళ్లు కలిపే ఎమల్షన్‌లో ముంచితే కాసేపటికే వెంట్రుకలు నీళ్లు పీల్చుకుని, తలంటుకున్న జుట్టులా మెత్తబడిపోతాయి. ఇక కిటికీ అంచున గీత తిన్నగా రమ్మన్నా రాదు. ఎమల్షన్‌కి నైలాన్, పాలియెస్టర్ కలిపిన బ్రష్ తీసుకోండి. నైలాన్ త్వరగా అరగదు, పాలియెస్టర్ తడిసినా బిగువు తగ్గదు. ఈ రకాన్ని ఎనామిల్‌కి కూడా వాడుకోవచ్చు. సున్నానికి మాత్రం వెంట్రుకల బ్రష్ వద్దే వద్దు, దాని క్షారం వెంట్రుకని తినేస్తుంది. నార కుంచే మేలు.

అపోహ: కొనలు చీలి ఉంటే అది పాత సరుకు.

వాస్తవం: మంచి బ్రష్‌కి కొనలు చీలే ఉండాలి. వెలుతురుకి ఎదురుగా పట్టి, కొనల్ని బొటనవేలితో వంచి చూడండి. ఒక్కో పోగు చివర సన్నగా రెండు మూడు పాయలుగా విడిపోయి కనిపిస్తుంది. పెయింట్‌ని పట్టి ఉంచేవీ, గోడ మీద చారలు పడకుండా పరిచేవీ ఆ పాయలే. కొన మొద్దుగా కోసినట్టుంటే గీతలు తప్పవు.

అపోహ: కొత్త బ్రష్ వెంట్రుకలు రాలిస్తే నాసిరకమే.

వాస్తవం: మొదట్లో నాలుగైదు రాలడం మామూలే. అరచేతిలో తట్టి, వేళ్లతో దువ్వి, ఆ తర్వాతే పెయింట్‌లో పెట్టండి. అప్పటికీ రాలుతూనే ఉంటే పక్కన పెట్టేయండి. ఆరిన ఎనామిల్‌లో అతుక్కున్న వెంట్రుకని తీయాలంటే అక్కడ మళ్లీ ఎమెరీ కాగితం పట్టాల్సిందే.

అపోహ: నిండా ముంచితే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: బ్రష్‌లు ఎక్కువగా పాడయ్యేది ఇందుకే. వెంట్రుకల పొడవులో మూడో వంతు ముంచి, డబ్బా లోపలి గోడకి రెండు వైపులా తట్టండి, అంచుకి గీకకండి. రేకు పట్టీ దాకా ముంచితే పెయింట్ లోపలికి దిగి ఆరి గట్టిపడుతుంది. దాంతో వెంట్రుకలు నడిమికి చీలి, నోరు తెరిచిన చేపలా అవుతాయి. అలా అయిన బ్రష్ మళ్లీ దారికి రాదు.

ఎమల్షన్ పని మొదలుపెట్టే ముందు బ్రష్‌ని నీళ్లలో తడిపి గట్టిగా పిండండి, పెయింట్ వేర్ల దగ్గర ఆరిపోదు. ఎనామిల్‌కైతే పూర్తిగా పొడిగా ఉండాలి.

సైజు విషయానికొస్తే, గ్రిల్స్‌కి 1 అంగుళం, అంచులకి ఏటవాలుగా కోసిన 2 లేదా 2.5 అంగుళాలది, తలుపు పలకలకి 3 అంగుళాలది సరిపోతాయి. పెద్ద గోడకి రోలరే నయం.

మధ్యలో భోజనానికి లేస్తే బ్రష్‌ని ప్లాస్టిక్ కవర్‌లో గాలి చొరకుండా చుట్టండి. పని అయ్యాక ఎమల్షన్‌ని సబ్బునీళ్లతో, ఎనామిల్‌ని థిన్నర్‌తో కడిగి, వెంట్రుకలు కిందికి ఉండేలా వేలాడదీయండి. డబ్బాలో నిలబెట్టి వదిలేస్తే కొనలు వంగిపోతాయి.