బ్యాడ్జి మీద రెండో లైను

ఏటా జులై వచ్చిందంటే మన పట్టణాల్లో రోటరీ క్లబ్బుల కొత్త కార్యవర్గాలు ప్రమాణ స్వీకారం చేస్తాయి. ఎప్పుడైనా ఆ సభకి వెళ్తే సభ్యుల చొక్కాలకి ఉన్న బ్యాడ్జీలు ఒకసారి దగ్గరగా చూడండి. పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను కనిపిస్తుంది. పిల్లల డాక్టరు, సివిల్ ఇంజనీరు, ఆడిటరు, విత్తనాల వ్యాపారి. క్లబ్బు భాషలో దాన్ని క్లాసిఫికేషన్ అంటారు.

సేవా క్లబ్బు అనగానే మనకి గుర్తొచ్చేవి వేరు. చలికాలంలో దుప్పట్లు, ఎండాకాలంలో చలివేంద్రం, బడికి బెంచీలు, మర్నాడు పేపర్లో ఫోటో. వీటిని తక్కువ చేసి మాట్లాడను. మే నెలలో బస్టాండు దగ్గర దొరికే గ్లాసుడు మంచినీళ్ళ విలువ తాగినవాడికే తెలుస్తుంది. అయితే దుప్పటి కొనివ్వడానికి డాక్టరో ఇంజనీరో కానక్కర్లేదు, చేతిలో నాలుగు డబ్బులుంటే ఎవరైనా కొనిస్తారు. అలాంటప్పుడు బ్యాడ్జి మీద ఆ రెండో లైను ఎందుకు? దానికి జవాబు వెతుక్కుంటూ పోతే నూట ఇరవై ఏళ్ళ కిందటి చికాగోకి చేరతాం.

1905 ఫిబ్రవరి 23 సాయంత్రం. చికాగో యూనిటీ బిల్డింగులో 711వ నంబరు గదిలో నలుగురు కూర్చున్నారు. పాల్ హారిస్ లాయరు. సిల్వెస్టర్ షీల్ బొగ్గు వ్యాపారి. గుస్తావస్ లోర్ గనుల ఇంజనీరు, ఆ గది ఆయన ఆఫీసే. హైరమ్ షోరే బట్టలు కుట్టించే వ్యాపారి. పల్లెటూరి నుంచి వచ్చిన హారిస్‌కి మహానగరంలో మనసు విప్పి మాట్లాడే మనిషి కరువయ్యాడు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరిని కలిపి స్నేహబృందం కట్టాలని ఆయన ఆలోచన. మీటింగులు ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి ఇంకొకరి ఆఫీసులో జరిగేవి. అలా వంతుల వారీగా తిరుగుతుండేవి కాబట్టే రోటరీ అన్న పేరు వచ్చింది.

ఒక్కో వృత్తికి ఒక్కరే అన్న నియమం వెనక మొదట్లో పెద్ద ఆదర్శమేమీ లేదు. ఒకే క్లబ్బులో ఇద్దరు బొగ్గు వ్యాపారులుంటే పోటీ మొదలవుతుంది. ఒక్కడే ఉంటే సభ్యులందరూ అతని దగ్గరే కొంటారు. సభ్యుల మధ్య ఎంత వ్యాపారం జరిగిందో లెక్క రాయడానికి ఒక మనిషిని కూడా పెట్టుకున్నారు. అంటే పుట్టినప్పుడు అది ఒకరికొకరు గిరాకీ తెచ్చిపెట్టుకునే సంఘం.

1906లో డొనాల్డ్ కార్టర్ అనే పేటెంటు లాయరుని క్లబ్బులో చేరమని అడిగారు. ఆశయాలు చదివి ఆయన అభ్యంతరం చెప్పాడు. సొంత లాభమే తప్ప ఊరికి పనికొచ్చేదేదీ చెయ్యని సంఘం ఎక్కువ కాలం నిలవదన్నాడు. ఆ మాట క్లబ్బుని ఆలోచనలో పడేసింది. నగరం మేలు కోసం పనిచెయ్యాలన్న ఆశయం కూడా జాబితాలో చేరింది, కార్టర్ కూడా చేరాడు. చేరకముందే తప్పు ఎత్తిచూపిన మనిషిని అలా కలుపుకోవడం చిన్న విషయం కాదని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత 1907లో క్లబ్బు తలకెత్తుకున్న మొదటి పెద్ద పని సిటీ హాలు దగ్గర పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించడం. వినడానికి మామూలుగా ఉన్నా దానికి గట్టి వ్యతిరేకత ఎదురైంది. సారా దుకాణాల వెనకున్న బీరు కంపెనీలవాళ్ళు అడ్డుపడ్డారు, పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లవాళ్ళు కూడా వద్దన్నారు. బజారుకొచ్చిన మనిషి అవసరానికి వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, వెళ్ళినవాడు ఎంతో కొంత ఖర్చుపెట్టి బయటికొస్తాడు. ఆ రాబడి పోతుందని వాళ్ళ భయం. క్లబ్బు మిగతా సంఘాలని కూడగట్టి, నగరపాలక సంస్థని ఒప్పించి, చివరికి సాధించింది. చెక్కు రాసి పక్కకి తప్పుకుంటే అయ్యే పని కాదది. నలుగురినీ ఒప్పించడం, కాగితాలు నడిపించడం, బేరసారాలు, ఇవన్నీ ఆ సభ్యులు రోజూ తమ వృత్తుల్లో చేసే పనులే.

ఇంకోపక్క, వ్యాపారం ఎలా చెయ్యాలన్న చర్చ కూడా మొదలైంది. కొన్నవాడిదే పూచీ, అమ్మినవాడికి బాధ్యత లేదు అనుకునే రోజులవి. చికాగోలో సేల్స్‌మన్‌షిప్ నేర్పే బడి నడిపిన ఆర్థర్ షెల్డన్, బాగా సేవ చేసినవాడికే ఎక్కువ లాభం అని ప్రచారం చేశాడు. 1911లో పోర్ట్‌లాండ్ మహాసభలో ఆయన ప్రసంగాన్ని చదివి వినిపించారు. అదే సభల సమయంలో మినియాపొలిస్ క్లబ్బుకి చెందిన బెన్ కాలిన్స్, స్వార్థం కాదు సేవ అన్న మాట ముందుకు తెచ్చాడు. ఇవాళ రోటరీ లెటర్‌హెడ్ల మీద కనిపించే 'సర్వీస్ ఎబవ్ సెల్ఫ్' దాన్నుంచి వచ్చిందే. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో సభలు వ్యాపారులందరికీ ఒక నీతి నియమావళిని ఆమోదించాయి. ఎవరి వృత్తిలోకి వాళ్ళు వెళ్ళి అక్కడ ఆ నీతిని నాటాలన్నది దాని సారం. అంటే క్లబ్బులో కూర్చున్న హోటలు యజమాని మిగతా హోటళ్ళవాళ్ళతో మాట్లాడాలి, లాయరు మిగతా లాయర్లతో మాట్లాడాలి. 1927లో బెల్జియంలోని ఆస్టెండ్ మహాసభలో రోటరీ పనిని దారులుగా విడగొట్టినప్పుడు, వృత్తి సేవ, అంటే ఎవరి వృత్తి ద్వారా వాళ్ళు చేసే సేవ, సామాజిక సేవ పక్కన సమానంగా, విడిగా నిలబడింది.

ఆ దారిలో అందరికీ తెలిసిన కథ చికాగో రోటరీ సభ్యుడు హెర్బర్ట్ టేలర్‌ది. 1932, అమెరికాలో బ్యాంకులు, కంపెనీలు కుప్పకూలుతున్న కాలం. అల్యూమినియం వంటపాత్రలు తయారుచేసే క్లబ్ అల్యూమినియం అనే కంపెనీ దివాలా అంచున ఉంది. అప్పు 4 లక్షల డాలర్ల పైమాటే. ఆ కంపెనీని నిలబెట్టే బాధ్యత టేలర్‌ తీసుకున్నాడు. పోటీ కంపెనీల పాత్రలూ బాగానే ఉన్నాయి, వాళ్ళ దగ్గర డబ్బు కూడా ఉంది. తన వాళ్ళకి ఇంకేదో అండ కావాలనుకుని నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. ఇంగ్లీషులో మొత్తం 24 మాటలు. ఇది నిజమేనా? ఇందులో ఉన్న అందరికీ న్యాయమేనా? సద్భావం, స్నేహం పెరుగుతాయా? అందరికీ మేలు జరుగుతుందా?

ముందు ఆ ప్రశ్నలని తన బల్ల మీదికొచ్చిన కాగితాల మీదే ప్రయోగించాడు. మొదటి ప్రశ్న దగ్గరే ఇబ్బంది మొదలైంది. కంపెనీ ప్రకటనలో తమ పాత్రలు ప్రపంచంలోకెల్లా గొప్పవని ఉంది. దాన్ని రుజువు చెయ్యగలమా? చెయ్యలేం. దాంతో ఉత్తమమైనవి, అన్నిటికంటే గొప్పవి లాంటి మాటలన్నీ ప్రకటనల్లోంచి తీసేయించాడు.

రెండో ప్రశ్నకి పరీక్ష ఒక ప్రింటరు రూపంలో వచ్చింది. అందరికంటే తక్కువ రేటు కోట్ చేసి పెద్ద ఆర్డరు దక్కించుకున్నాడతను. పని మొదలయ్యాక చూసుకుంటే లెక్కలో పొరపాటు, 500 డాలర్లు తక్కువ వేశాడు. చట్ట ప్రకారం కంపెనీ ఒక్క పైసా కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. కంపెనీ అప్పుల్లో ఉంది కూడా. బోర్డులో ఆ మాటే వచ్చింది. అందరికీ న్యాయమేనా అని మనమే రాసుకున్నాం, ఆ అందరిలో ఈ ప్రింటరు లేడా అని టేలర్ అడిగాడు. ఆ 500 డాలర్లు ఇచ్చేశారు. కొన్నేళ్ళకి కంపెనీ అప్పులన్నీ తీర్చింది. 1943లో రోటరీ ఆ నాలుగు ప్రశ్నలని తనవిగా స్వీకరించింది. ఇవాళ మన క్లబ్బుల్లో చాలాచోట్ల మీటింగు మొదట్లో వాటిని గట్టిగా చదువుతారు. చదివేవాళ్ళకి ఆ ప్రింటరు కథ కూడా చెబితే బాగుంటుందని నా కోరిక.

మన దేశానికి రోటరీ 1919లో కలకత్తా దారిన వచ్చింది. తొలినాళ్ళలో అందులో ఎక్కువగా యూరోపియన్లే ఉండేవాళ్ళు. నితీష్ లాహిరీ 1962-63లో ప్రపంచ అధ్యక్షుడయ్యేసరికి బొమ్మ పూర్తిగా మారిపోయింది. వృత్తితో ఊరికి సేవ చెయ్యడం మనకి కొత్త సంగతేమీ కాదు. పన్నెండుమంది ఆయగాళ్ళ పనితోనే ఒకప్పుడు ఊరు నడిచేది. వడ్రంగి నాగలి చెక్కేవాడు, కుమ్మరి కుండలిచ్చేవాడు, పంట ఇంటికొచ్చాక రైతు వాళ్ళకి ధాన్యం కొలిచేవాడు. అయితే ఆ వృత్తి పుట్టుకతో మెడకి చుట్టుకునేది, వద్దనే వీలుండేది కాదు. కష్టపడి ఒక చదువో పనో నేర్చుకుని, అందులో కొంత ఇష్టంగా ఊరికివ్వడం వేరే సంగతి.

అలా ఇష్టంగా ఇచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళు మర్చిపోకూడని పేరు డాక్టర్ పెరుగు శివారెడ్డి. కర్నూలు జిల్లాలో పుట్టి, హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పనిచేసి, పల్లెల్లో వందల కొద్దీ నేత్ర శిబిరాలు నడిపారు. 1977లో పద్మభూషణ్ అందుకున్నారు. నేత్ర శిబిరమంటే సర్జన్ ఒక్కడితో అయ్యేది కాదు. ఊళ్ళో ఎవరో ఒకరు చోటు చూడాలి, భోజనాలు చూడాలి, మందులు తెప్పించాలి. లయన్స్, రోటరీ క్లబ్బులు, వర్తక సంఘాలు ఆ భారం మోసేవి. లయన్స్‌ని కూడా 1917లో చికాగోలోనే మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి మొదలుపెట్టాడు. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ళ మహాసభకి వెళ్ళి, చూపు లేనివాళ్ళ కోసం పోరాడే వీరులు కమ్మని కోరింది. అప్పట్నుంచీ కంటిచూపు వాళ్ళకి ప్రధానమైన పని అయింది.

మరి ఇంత చరిత్ర ఉన్న వృత్తి సేవ ఎందుకు వెనకబడింది? నాకు కనిపించే పెద్ద కారణం లెక్క. డబ్బుని లెక్కపెట్టడం తేలిక. 1957లో రోటరీ ఫౌండేషన్ 'పాల్ హారిస్ ఫెలో' గుర్తింపు తెచ్చింది, 1000 డాలర్ల విరాళానికి ఆ గౌరవం, చొక్కాకి పెట్టుకునే పిన్ను దక్కుతాయి. ఆ డబ్బుతో ఎన్నో మంచి పనులు జరిగాయి. 1985లో మొదలుపెట్టిన పోలియో ఉద్యమానికి 12 కోట్ల డాలర్లు కావాలనుకుంటే, మూడేళ్ళలో 24 కోట్ల 70 లక్షలు వచ్చాయి. మన దేశంలో 2011 జనవరి తర్వాత సహజంగా వ్యాపించే (వైల్డ్) పోలియో వైరస్ కేసు లేదు. కానీ ఒక ఆడిటరు ఆదివారం పొద్దున్న కూర్చుని, చేనేత సంఘం పద్దులు సరిచేసి ఇస్తే దానికి పిన్ను లేదు, ఫోటో కూడా రాదు. 1987లో రోటరీ, దాదాపు 40 ఏళ్ళ విరామం తర్వాత వృత్తి సేవకి ఒక కమిటీ వేసుకుంది. అది క్లబ్బు బాధ్యత, ప్రతి సభ్యుడి బాధ్యత కూడా అని మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు జనవరిని వృత్తి సేవా మాసంగా జరుపుతారు. ఆ నెలలో మన క్లబ్బులు ఒక లైన్‌మనుకో, నర్సుకో, పోస్ట్‌మనుకో శాలువా కప్పి సన్మానిస్తాయి. మంచి ఆనవాయితీయే. కాకపోతే శాలువా కప్పే చేతుల్లో ఉన్న వృత్తుల సంగతి కూడా ఆ నెలలోనే అడగాలి కదా.

ఇంకో వెలితి కూడా ఉండేది. 80 ఏళ్ళకి పైగా ఈ క్లబ్బుల తలుపులు ఆడవాళ్ళకి మూసే ఉన్నాయి. అంటే లేడీ డాక్టర్లు, టీచర్లు, నర్సుల నైపుణ్యమంతా బయటే ఉండిపోయింది. కాలిఫోర్నియాలోని డ్యువార్టే క్లబ్బు మహిళలని చేర్చుకున్నందుకు దాన్ని రోటరీ నుంచి తీసేశారు. వాళ్ళు కోర్టుకెక్కారు. 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు మహిళల పక్షాన తీర్పిచ్చింది, 1989లో రోటరీ నియమం మార్చుకుంది. ఆ ఎనభై ఏళ్ళలో ఎంత పని జరగకుండా పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నాకు వృత్తి సేవ అన్న మాట తెలియకముందే అది కళ్ళారా చూశాను. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా హైస్కూల్లో కంటి శిబిరం పెట్టారు. బెంచీలు వరండాలోకి చేర్చి, రెండు గదులు కడిగించి, కిటికీలకి తెల్లగుడ్డలు కట్టారు. పక్క గదిలో స్టవ్వుల మీద పెద్ద గిన్నెల్లో కత్తెరలు మరుగుతున్నాయి. ఆపరేషన్ అయినవాళ్ళని గడ్డి మీద చాపలు పరిచి వరసగా పడుకోబెట్టారు, ఒక్కో కంటికి ఒక్కో ఆకుపచ్చ గుడ్డ. ఆ వరసలో మా అమ్మమ్మ కూడా ఉంది. ఇప్పుడైతే ఇన్ఫెక్షన్ భయం వల్ల బడి గదుల్లో ఆపరేషన్లు చెయ్యడం లేదు. శిబిరంలో పరీక్ష చేసి, బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. అదే సరైన పద్ధతి.

అప్పట్లో కంట్లో లెన్సు పెట్టేవాళ్ళు కాదు. శుక్లం తీశాక సోడాబుడ్డి అద్దాలు వాడాల్సిందే. అద్దాలిచ్చే రోజున చివరి బల్ల దగ్గర మా ఊరి కళ్ళజోళ్ళ కొట్టాయన కూర్చున్నాడు. ఆయనా క్లబ్బు సభ్యుడే. ముందు స్పిరిట్ దీపం పెట్టుకుని, ఫ్రేము కాడని మంట మీద వెచ్చచేసి, ముసలివాళ్ళ చెవి వెనక వేలితో తడిమి చూసి, ఆ వంపుకి తగ్గట్టు వంచుతున్నాడు. అమ్మమ్మకి చెవిపోగు అడ్డొస్తోంది. రెండుసార్లు వంచి, తీసి, మళ్ళీ వెచ్చచేశాడు. మూడోసారి పెట్టి, "ఇప్పుడు చూడు పిన్నీ, ఒరుసుకుంటోందా?" అన్నాడు.

అమ్మమ్మ ఆయనకి జవాబు చెప్పలేదు. పక్కన నిలబడ్డ నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, "ఈ గుండీ ఎప్పుడు ఊడిపోయిందిరా?" అంది.